కోపం: మన చేతిలో ఉన్నదెంత?

కోపం రాని మనిషి లోకంలో ఉండడు. దుర్వాసుడు, విశ్వామిత్రుడు వంటి మహర్షులకే తప్పని కోపం, తెల్లవారుజామున వాకిట్లో మంచు తవ్వుకుని, నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ ఉద్యోగానికి వెళ్ళి, చీకటి పడ్డాక మళ్ళీ అంత దూరమూ నడుపుకుంటూ ఇల్లు చేరే మనబోటి గృహస్థులకు తప్పుతుందా? భరతముని రౌద్రరసానికి క్రోధాన్ని స్థాయీభావంగా నిర్ణయించాడు. మన పెద్దలు అరిషడ్వర్గంలో కామం తరువాతి స్థానం క్రోధానికే ఇచ్చారు. ఇంత పురాతనమైన విషయాన్ని విజ్ఞాన విభాగంలో మళ్ళీ ఎత్తుకోవడానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది శాస్త్రానికి సంబంధించినది. గత వంద సంవత్సరాలకు పైగా శరీర శాస్త్రజ్ఞులూ, మనస్తత్వ శాస్త్రజ్ఞులూ కోపాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తూ వచ్చారు. వారు కనుగొన్న విషయాలలో కొన్ని పెద్దల మాటను బలపరిచాయి. మరికొన్ని మనం గట్టిగా నమ్ముతున్న అభిప్రాయాలను తలక్రిందులు చేశాయి.

రెండవ కారణం నా సొంతం. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంత్రం మా పదేళ్ళ అమ్మాయి, దాని స్నేహితురాలు మా ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నారు. నేను వచ్చిన సూచనగా గరాజ్ తలుపు చప్పుడైంది. మా అమ్మాయి చటుక్కున టీవీ కట్టేసి, మా నాన్న కారు తలుపు ఎలా వేస్తాడో విను, గట్టిగా వేస్తే మనం మేడమీదికి పోవాలి, అని ఆ పిల్లకు చెప్పిందట. వంటగదిలో ఉండి ఆ మాట విన్న నా భార్య రాత్రి భోజనాలయ్యాక నాతో చెప్పింది. నాకు కోపం ఎక్కువన్న సంగతి నాకు తెలుసు. కాని నా రాకకు నా ఇంట్లో ఒక వాతావరణ సూచన ఉన్నదని మాత్రం ఆ రాత్రే తెలిసింది.

విచిత్రమేమంటే, ఆఫీసులో నాకు నెమ్మదస్తుడనే పేరుంది. అంతవరకు ఆ పేరు తలుచుకుని గర్వపడేవాణ్ణి. ఆ రాత్రి అదే ఒక ప్రశ్నగా మారి నిద్ర పట్టనివ్వలేదు. పై అధికారి ముందు ఎనిమిది గంటలు ఆగిన కోపం, పదేళ్ళ పిల్ల ముందు ఎనిమిది క్షణాలైనా ఎందుకు ఆగడం లేదు? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నం.

శరీరంలో జరిగేదేమిటి?

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శరీర శాస్త్రాచార్యుడైన వాల్టర్ కేనన్ 1915లో ఒక గ్రంథం ప్రకటించాడు. నొప్పి, ఆకలి, భయం, రౌద్రం కలిగినప్పుడు శరీరంలో వచ్చే మార్పులు దాని విషయం. కుక్క మొరుగుడుకు బెదిరిన పిల్లి రక్తాన్ని పరీక్షించిన ఈ శాస్త్రజ్ఞుడు ఒక ముఖ్యమైన సంగతి గుర్తించాడు. ఆపద ఎదురైనప్పుడు ప్రాణికి రెండే మార్గాలు: ఎదిరించి పోరాడడం, లేక పారిపోవడం. ఈ రెండింటికీ శరీరం ఒకే విధంగా సిద్ధమవుతుంది. మూత్రపిండాల మీద టోపీల వలె అమరి ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది. రక్తపోటు పెరుగుతుంది. కాలేయం తనలో నిలువ ఉన్న చక్కెరను రక్తంలోకి విడుదల చేస్తుంది. రక్తం జీర్ణకోశాన్ని విడిచి కండరాలకు పరుగెడుతుంది. దవడలు బిగుసుకుంటాయి.

మన నుడికారం ఈ శరీర ధర్మాన్ని ఏనాడో గమనించింది. ఒళ్ళు మండడం, పళ్ళు నూరడం, కళ్ళెర్రజేయడం, రక్తం ఉడికిపోవడం అన్నవి కేవలం అలంకారాలు కావు. శరీరంలో నిజంగా జరిగే మార్పులకు సామాన్య జనం పెట్టుకున్న పేర్లవి.

ఈ సన్నాహానికి ఆజ్ఞ మెదడు నుంచి వస్తుంది. మెదడు లోపలి భాగంలో, రెండు వైపులా, బాదంగింజ ఆకారంలో ఎమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. గ్రీకు భాషలో ఆ పేరుకు అర్థమే బాదం. కంటికి, చెవికి అందిన సమాచారంలో ప్రమాద సూచన ఉంటే, ఎమిగ్డలా వెంటనే హైపోథాలమస్‌ను మేల్కొలుపుతుంది. నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం అదే సమాచారాన్ని తీరికగా పరిశీలించి, ఇది నిజంగా ప్రమాదమా, ఏమి చేస్తే ఏమి జరుగుతుంది, అని విచారిస్తుంది. జోసెఫ్ లెడూ అనే నాడీ శాస్త్రజ్ఞుడు భయాన్ని గురించి దీర్ఘకాలం పరిశోధించి, సమాచారం ఎమిగ్డలాకు చేరడానికి రెండు దారులున్నాయని 1996లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. ఒకటి దగ్గర దారి. వేగం ఎక్కువ, స్పష్టత తక్కువ. రెండవది కార్టెక్స్ మీదుగా పోయే చుట్టుదారి. ఆలస్యం ఎక్కువ, వివరం ఎక్కువ. త్రాడును చూసి పామనుకుని ఎగిరి గంతు వేసిన తరువాత గాని అది త్రాడని మనకు తెలియకపోవడానికి కారణం ఇదే.

ఈ రెండవ దారి విలువ తెలిపే ఉదంతం ఒకటి వైద్యచరిత్రలో ఉంది. 1848 సెప్టెంబరులో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రైలుమార్గం కోసం బండలు పేలుస్తుండగా, ఫీనియస్ గేజ్ అనే ఇరవై అయిదేళ్ళ మేస్త్రీ తల ముందుభాగం గుండా ఒక ఇనుప గడ్డపార దూసుకుపోయింది. అతడు బ్రతికాడు. మాట, నడక దక్కాయి. కాని వెనుకటి మర్యాదస్తుడు నోటిదురుసువాడుగా, నిలకడ లేనివాడుగా మారిపోయాడని అతనికి చికిత్స చేసిన వైద్యుడు హార్లో వ్రాశాడు. నుదుటి వెనుక భాగం మన ప్రవర్తనకు పగ్గం వంటిదని శాస్త్రజ్ఞులు గ్రహించడానికి ఈ ఉదంతం తోడ్పడింది. గేజ్ తరువాతి సంవత్సరాలలో చిలీ దేశంలో గుర్రపుబండి తోలుతూ ఉద్యోగం చేసుకున్నాడు. అంటే పగ్గం దెబ్బతిన్నా, క్రమబద్ధమైన జీవితం దానిని కొంతవరకు తిరిగి సమకూర్చగలదు. దెబ్బతినని మనకు ఇంకెంత సాధ్యమో ఊహించుకోవచ్చు.

ఇక్కడ గుర్తుంచుకోవలసినది ఒకటి ఉంది. రక్తంలో చేరిన ఎడ్రినలిన్ కొద్ది నిమిషాలలోనే విచ్ఛిన్నమవుతుంది. దాని వెంట వచ్చే కార్టిసోల్ ప్రభావం గంటకు పైగా నిలుస్తుంది. జరిగినదాన్ని మనసులో తిరగదోడిన ప్రతిసారీ శరీరం మళ్ళీ మొదటి నుంచి సన్నద్ధమవుతుంది. కోపం రావడం మన చేతిలో లేదు. దానికి కట్టెలు ఎగదోయడం చాలావరకు మన చేతిలోనే ఉంది.

పరీక్షిత్తు అలసట

మహాభారతం ఆదిపర్వంలోని ఒక కథ పాఠకులకు తెలిసినదే. పరీక్షిన్మహారాజు వేటలో బాణం తగిలిన లేడి తప్పించుకోగా, దాని వెంటబడి, అలసి, ఆకలిదప్పులతో శమీక మహర్షి ఆశ్రమం చేరాడు. లేడి ఎటు పోయిందని అడిగాడు. మౌనవ్రతంలో ఉన్న ముని బదులు చెప్పలేదు. రాజుకు కోపం వచ్చి, అక్కడ పడి ఉన్న చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ముని మెడలో వేసి వెళ్ళిపోయాడు. ఈ సంగతిని ముని కుమారుడైన శృంగికి తోటివాడైన కృశుడు ఎగతాళిగా చెప్పాడు. శృంగి ఆగ్రహంతో, ఏడు దినాలలో తక్షకుని విషాగ్నికి రాజు మరణించుగాక అని శపించాడు. తండ్రి సంతోషించలేదు. ఎంతో చింతించి, కొడుకును మందలించి, శాపాన్ని మరల్చుకొమ్మన్నాడు. నోటినుంచి వెలువడిన మాట అప్పటికే చేయి దాటిపోయింది. చివరకు శిష్యుడైన గౌరముఖుణ్ణి పంపి రాజును హెచ్చరించడం తప్ప ఆ తండ్రి ఏమీ చేయలేకపోయాడు.

ఈ కథలో ఇద్దరి కోపాన్నీ నేటి శాస్త్రం వివరించగలదు. పరీక్షిత్తు కోపానికి కారణం ముని మౌనం ఒక్కటే కాదు. వేట శ్రమ, దప్పిక, తప్పిపోయిన లేడి కూడా అందులో కలిశాయి. డాల్ఫ్ జిల్మన్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 1972లో ప్రకటించిన ప్రయోగం దీనినే చూపింది. శారీరక వ్యాయామంతో ఉద్రిక్తమైన శరీరం చల్లబడక ముందే, తనను కవ్వించినవారికి బదులిచ్చే అవకాశం దొరికితే, ఆ ఉద్రిక్తత కోపానికి తోడై ప్రతీకారాన్ని పెంచుతుంది. శరీరానికి తన గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటున్నదో తెలియదు. దగ్గరలో కనిపించిన మనిషినే కారణంగా ఎంచుకుంటుంది. అత్త మీది కోపం దుత్త మీద చూపడం అని మనవారు దీనినే ఏనాడో చెప్పారు.

శృంగి కోపానికి మరొక దోహదం ఉంది. అవమానాన్ని అతడు కళ్ళారా చూడలేదు. స్నేహితుని ఎగతాళి ద్వారా విన్నాడు. నలుగురిలో తల తీసివేసినట్లయినదన్న భావన కోపాన్ని రెట్టింపు చేస్తుంది. విందులో బంధుమిత్రుల ఎదుట పిల్లవాడు మాట వినకపోతే మనకు వచ్చే కోపం, ఇంట్లో అదే పని చేస్తే వచ్చేదానికన్నా ఎంత పెద్దదో ఒకసారి ఆలోచించండి.

ప్రెషర్ కుక్కర్ సిద్ధాంతం

కోపాన్ని లోపల దాచుకుంటే ప్రమాదమనీ, ఒకసారి అరిచివేస్తే ఆవిరి పోయి మనసు తేలికపడుతుందనీ చాలామంది నమ్మకం. గత శతాబ్దం ఆరంభంలో ప్రబలిన మనోవిశ్లేషణ వాదం ఈ నమ్మకానికి శాస్త్రపు ముద్ర వేసింది. దిండును గుద్దమని, గదిలో కేకలు వేయమని సలహా ఇచ్చిన పుస్తకాలు ఎన్నో వచ్చాయి.

బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2002లో ప్రకటించిన పరిశోధనలో ఈ సలహాను ప్రత్యక్షంగా పరీక్షించాడు. ఆరువందల మంది కళాశాల విద్యార్థులచేత వ్యాసాలు వ్రాయించి, వాటిని మరొక విద్యార్థి తీవ్రంగా దుయ్యబట్టినట్లు చూపి, వారికి కోపం తెప్పించాడు. కొందరిని, తమను విమర్శించినవాణ్ణి తలుచుకుంటూ గుద్దులసంచిని గుద్దమన్నాడు. కొందరిని దేహదారుఢ్యం కోసమని తలుస్తూ గుద్దమన్నాడు. మిగిలినవారిని కొద్దిసేపు ఊరకే కూర్చోమన్నాడు. శత్రువును తలుచుకుంటూ గుద్దినవారికే చివరకు కోపం ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయక కూర్చున్నవారే అవతలివారిపై అతి తక్కువ కసి చూపారు.

2024లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష 154 అధ్యయనాలను, అందులో పాల్గొన్న పదివేలమందికి పైగా వ్యక్తుల ఫలితాలను కలిపి పరిశీలించింది. దీర్ఘశ్వాస, ధ్యానం, కండరాలను సడలించడం వంటి, శరీరాన్ని చల్లబరచే పనులు కోపాన్ని తగ్గించాయి. శరీరాన్ని మరింత ఉద్రేకపరచే పనులు మొత్తం మీద తగ్గించలేదు. పరుగు గుండెకు మంచిదే, కాని కోపంలో ఉన్నప్పుడు అది మందు కాదు. మనిషి ప్రెషర్ కుక్కర్ కాదు. అరుపు ఆవిరిని పంపివేయదు. అరవడాన్ని అభ్యాసం చేయిస్తుంది. ఏ పని పదేపదే చేస్తే అది సులువవుతుందన్న సూత్రం సంగీత సాధనకు ఎంత వర్తిస్తుందో, కోపానికీ అంతే వర్తిస్తుంది.

గుండెకు పడే భారం

శాన్‌ఫ్రాన్సిస్కోలో హృద్రోగ వైద్యులైన ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ 1959లో ఒక వ్యాసం ప్రకటించారు. ఎప్పుడూ తొందర, పోటీ, అసహనంతో బ్రతికేవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తున్నదని వారి పరిశీలన. అటువంటి స్వభావానికి వారు టైప్ ఏ అని పేరుపెట్టారు. తరువాతి పరిశోధనలు ఆ స్వభావాన్ని విడదీసి చూసినప్పుడు, అందులో గుండెకు ఎక్కువ హాని చేసేది తొందర కాదని, ఇతరుల పట్ల నిత్యం ఉండే వైరభావమూ, కోపమూ అని తేలింది.

1995లో వెలువడిన మరొక అధ్యయనంలో గుండెపోటు వచ్చి కోలుకున్న 1,623 మందిని, నొప్పి ప్రారంభం కావడానికి ముందు గంటలలో ఏమి జరిగిందని ప్రశ్నించారు. తీవ్రమైన కోపం వచ్చిన తరువాతి రెండు గంటలలో గుండెపోటు అవకాశం రెండింతలకు పైగా ఉన్నట్లు లెక్కతేలింది. 2014లో ఇటువంటి అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో అది దాదాపు అయిదింతలని వచ్చింది. దీనికి భయపడనక్కరలేదు. ఆరోగ్యవంతునికి ఏ రెండు గంటలలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం అత్యల్పం. అత్యల్పానికి అయిదింతలు కూడా అల్పమే. కాని రక్తపోటు, చక్కెర వ్యాధి ఉండి, రోజుకు నాలుగైదుసార్లు భగ్గుమనే వ్యక్తి విషయంలో ఈ లెక్క పెరుగుతూ పోతుంది. దక్షిణాసియా సంతతివారికి గుండెజబ్బు ఇతరులకన్నా చిన్న వయసులోనే వస్తున్నదని వైద్యులు పదేపదే హెచ్చరిస్తున్నారు కనుక, మనం దీనిని తేలికగా తీసుకోరాదు.

ఆఫీసులో ఆగిన కోపం

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. ఆఫీసులో కోపం ఆగుతున్నదంటే ఆపే శక్తి నాలో ఉన్నట్లే గదా! నాకు కోపం వస్తే ఒళ్ళు తెలియదు అన్న మాట నిజమైతే, అది ఉద్యోగంలో మొదటి వారమే బయటపడి ఉండాలి. పేదవాని కోపం పెదవికి చేటు అన్న సామెతలో లోకరీతి అంతా ఉంది. తిరిగి దెబ్బ తీయగలవారి ముందు మన కోపానికి ఒళ్ళు బాగా తెలుస్తుంది. బదులు చెప్పలేనివారి ముందే తెలియకుండా పోతుంది.

అయితే ఆఫీసులో నేను చేస్తున్నది సరియైన నిగ్రహమేనా? కాదని జేమ్స్ గ్రాస్ అనే శాస్త్రజ్ఞుడు 1998లో ప్రకటించిన ప్రయోగం చదివాక అర్థమైంది. అతడు కొందరికి జుగుప్స కలిగించే శస్త్రచికిత్స దృశ్యాలు చూపించాడు. ఒక వర్గాన్ని ముఖంలో ఏ భావమూ కనిపించనీయవద్దన్నాడు. మరొక వర్గాన్ని ఆ దృశ్యాన్ని వైద్యుని దృష్టితో, నిర్లిప్తంగా చూడమన్నాడు. మొదటివారు ముఖాన్ని అదుపు చేసుకున్నారు గాని, లోపలి జుగుప్స తగ్గలేదు. శరీరంలో ఉద్రిక్తత మరింత పెరిగింది. రెండవవారికి జుగుప్సే తగ్గింది. అణచుకోవడం వేరు, ఆలోచనను మలచుకోవడం వేరు. పగలంతా చిరునవ్వు వెనుక నేను అణచుకున్న ఉద్రిక్తత రాకపోకల రద్దీలో మరికాస్త పెరిగి, పరీక్షిత్తు అలసట వలె, గరాజ్ తలుపు దాటి ఇంట్లోకి వస్తున్నది. నేను ఆఫీసులో చూపిన శాంతానికి నా పిల్లలు వెల చెల్లిస్తున్నారు.

ఆచరణలో పెట్టదగినవి

మొదటిది, తొలి సంకేతాన్ని గుర్తించడం. కోపం ఉన్నట్టుండి వచ్చినట్లు తోస్తుంది గాని, ముందుగా ఒక కబురు పంపుతుంది. ఒకరికి దవడ బిగుసుకుంటుంది; మరొకరికి చెవులు వేడెక్కుతాయి; ఇంకొకరికి గొంతు హెచ్చుతుంది. మీ సంకేతం ఏదో మీకు తెలియకపోతే ఇంట్లోవారిని అడగండి. వారికి తప్పక తెలిసి ఉంటుంది.

రెండవది, వ్యవధి. దవడ బిగిసిన క్షణంలో ఏ మాటా అనకుండా, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ విడవాలి. నిశ్వాసం దీర్ఘమైనప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. అయిదారుసార్లు చేసినా తగ్గకపోతే అక్కడినుంచి లేచి వెళ్ళడం మంచిది. అయితే తలుపు ధడేలున వేసి మాయం కావడం కూడా ఒక విధమైన దాడియే. ఇప్పుడు నేను సరిగా మాట్లాడలేను, అరగంట తరువాత వచ్చి మాట్లాడతాను అని చెప్పి వెళ్ళాలి. చెప్పిన ప్రకారం తిరిగి రావాలి.

మూడవది, కోపానికి సరియైన పేరు పెట్టడం. మాథ్యూ లీబర్మన్ బృందం 2007లో ప్రకటించిన పరిశోధనలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాల చిత్రాలను చూస్తూ ఆ భావానికి తగిన పేరును ఎంచుకున్నవారి మెదడులో ఎమిగ్డలా చురుకు తగ్గింది. ఈ విషయంలో తెలుగువారు సంపన్నులు. చిరాకు, విసుగు, కినుక, అలక, రోషం, ఉక్రోషం, కసి, పగ అన్నవి ఒకే వస్తువుకు పేర్లు కావు. అలకలో ప్రేమ ఉంది, బుజ్జగింపు కోరుతుంది. రోషంలో దెబ్బతిన్న గౌరవం ఉంది. ఉక్రోషంలో నిస్సహాయత ఉంది. విసుగులో ఉన్నది చాలావరకు అలసట. దానికి కావలసింది భోజనమో, నిద్రో. నాకు కోపం వచ్చింది అనుకునే బదులు నాది ఉక్రోషం అని గుర్తించగలిగినవాడు సగం దారి నడిచినట్లే.

నాలుగవది, సంఘటనకూ కోపానికీ నడుమనున్న తలంపును పట్టుకోవడం. ఆల్బర్ట్ ఎల్లిస్ 1950ల నుంచి ప్రచారం చేసిన చికిత్సా విధానానికి ఇదే ఆధారం. మనకు కోపం తెప్పించేది సంఘటన ఒక్కటే కాదు, దానికి మనం చెప్పుకునే అర్థం కూడా. అబ్బాయిని తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో బదులిచ్చాడు. నన్నూ, నా భాషనూ చులకన చేస్తున్నాడని అనుకుంటే ఒళ్ళు మండుతుంది. వాడికి తెలుగు అర్థమైంది, మాట మాత్రం రెండవ భాషలో వేగంగా వచ్చిందని అనుకుంటే మండదు. ఇక్కడి బడిలో పంతులమ్మను ఎందుకు అని ప్రశ్నించే పిల్లను మెచ్చుకుంటారు. ఆ పిల్లే ఇంట్లో ఎందుకు అని అడిగితే మనకది ఎదురు చెప్పడంగా వినబడుతుంది. ఆ పిల్ల ఒకే మాటకు పగలు బహుమతీ, సాయంత్రం చీవాట్లూ అందుకుంటున్నది.

ఐదవది, ముందే మాటలు సిద్ధం చేసుకోవడం. రేమండ్ నొవాకో 1975లో కోపనిగ్రహానికి ఒక శిక్షణా పద్ధతిని రూపొందించాడు. కోపం వచ్చే సందర్భం మనకు ముందే తెలుసు గనుక, దానికి ముందు, జరుగుతున్నప్పుడు, ముగిసిన తరువాత తనకు తాను చెప్పుకోవలసిన వాక్యాలను ప్రశాంతంగా ఉన్నప్పుడే కూర్చుకుని వల్లె వేయాలని అందులో ముఖ్యాంశం. మార్కుల పత్రం వచ్చే రోజు తెలుసు. ఇండియా నుంచి ఫోను వచ్చినప్పుడు ఏ మాట ఎత్తితే మాటామాటా పెరుగుతుందో తెలుసు. పరీక్షకు చదువుకున్నట్లే దీనికీ చదువుకోవచ్చు.

ఆరవది, చల్లబడిన తరువాత విషయాన్ని తప్పక చెప్పడం. కోపం నిగ్రహించుకోవడమంటే అన్యాయాన్ని సహించడం కాదు. గృహిణి ఒంటరిగా ఇంటి చాకిరీ అంతా మోస్తున్నదంటే ఆమె కోపంలో న్యాయమే ఉంది. చెప్పే పద్ధతిలో రెండు నియమాలు చాలు. ఒకేసారి ఒకే విషయం మాట్లాడాలి. పెళ్ళినాటి లెక్కలు తీయరాదు. మనిషిని నిందించక పనిని గూర్చి చెప్పాలి. నీవెప్పుడూ ఇంతే అనే మాటకు బదులు, వారానికి రెండు రోజులు వంట నీవు చేయాలి అన్న మాటకు సమాధానం దొరుకుతుంది.

పిల్లల ఎదుట

పిల్లలు మన ఉపదేశం కన్నా మన ప్రవర్తననే త్వరగా నేర్చుకుంటారు. ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పూర్తిగా ఎదగడానికి ఇరవయ్యేళ్ళు దాటి మరి కొన్నేళ్ళు పడుతుందని మెదడు చిత్రాలు చూపుతున్నాయి. పదమూడేళ్ళ పిల్లవాడు తలుపు విసిరాడంటే వాడి పగ్గం ఇంకా తయారవుతున్నదని అర్థం. నలభై అయిదేళ్ళ తండ్రికి ఆ సాకు లేదు.

మన సంప్రదాయంలో పెద్దలు పిల్లలను క్షమాపణ కోరే అలవాటు లేదు. కోరితే చులకనవుతామని భయం. నేను మొదటిసారి మా అమ్మాయితో, నిన్న నేను అరవడం తప్పు, నీవు చేసిన పని గురించి మాట్లాడవలసిందే గాని అలా మాట్లాడకూడదు అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది నా మాట వినడం మానలేదు. ఆ రోజు నుంచి తన తప్పులు తానే వచ్చి చెప్పడం మొదలుపెట్టింది.

వైద్యుని సహాయం ఎప్పుడు?

చేయి చేసుకోవడం, వస్తువులు విసరడం, ఇంట్లోవారు భయంతో మసలడం కనిపిస్తే అది ఇంటి గుట్టుగా దాచవలసిన విషయం కాదు. ఉన్నట్టుండి మితిమీరిన చిరాకు మొదలైతే థైరాయిడ్ గ్రంథి లోపం, నిద్రలేమి, మద్యం, మానసిక కుంగుబాటు వంటి కారణాలేమైనా ఉన్నాయేమో వైద్యుడు పరీక్షించాలి. ముఖ్యంగా పురుషులలో కుంగుబాటు దుఃఖంగా కాక కోపంగా బయటపడవచ్చు. ఆలోచనను మలచుకునే శిక్షణ ఇచ్చే నిపుణులున్నారు. వారిని కలవడం అవమానం కాదు.

భార్యను, పిల్లలను కొట్టేవాని సమస్య కోపం ఒక్కటే కాదని కూడా గుర్తించాలి. బయట అందరి ముందు అదుపులో ఉండి ఇంట్లో మాత్రమే కొట్టే మనిషి తన అధికారాన్ని ప్రయోగిస్తున్నాడు. అటువంటి ఇంట్లో బాధితురాలిని ఓపిక పట్టమని చెప్పడం మన పెద్దలు, స్నేహితులు తరచు చేసే అపచారం. అమెరికాలో ఉన్నవారు నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్‌కు 1-800-799-7233 నంబరులో ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. ఆపద వెంటనే ఉంటే 911కు చేయాలి.

ముగింపు

ఆ రాత్రి తరువాత నేను చేసుకున్న మార్పు చాలా చిన్నది. గరాజ్‌లో కారు ఆపిన తరువాత వెంటనే దిగను. అయిదు నిమిషాలు కూర్చుని, నెమ్మదిగా ఊపిరి విడుస్తూ, ఈ రోజు ఆఫీసు నుంచి ఏమి వెంట తెచ్చుకున్నానో దానికి పేరు పెట్టుకుంటాను. ఒకరోజు అది అలసట, ఒకరోజు రోషం, చాలా రోజులు ఒట్టి ఆకలి. తరువాత కారు తలుపు నెమ్మదిగా వేస్తాను. అన్ని రోజులూ నెగ్గానని చెప్పను. వారానికి ఒకటి రెండుసార్లు గొంతు హెచ్చుతూనే ఉంది. కాని మునుపటిలా రాత్రంతా సాగడం లేదు.

శృంగి తన శాపాన్ని వెనుకకు తీసుకోలేకపోయాడు. మనకు శపించే శక్తి లేదు గాని, పిల్లల మనసులో నాటుకునే మాట అనగల శక్తి అందరికీ ఉంది. ఆ మాట పెదవి దాటకముందు దొరికే ఆ కొద్ది క్షణాలే మన చేతిలో ఉన్నవి. వాటిని పై అధికారి కోసం రోజూ వాడుతూనే ఉన్నాము. ఇంటివారి కోసం కూడా వాడుదాము.

ఇప్పుడు మా ఇంట్లో గరాజ్ తలుపు చప్పుడైతే ఎవరూ టీవీ కట్టేయడం లేదు. కట్టేయనందుకు నాకు అప్పుడప్పుడు కొంచెం కోపం వస్తూనే ఉంది.